తెలివితేటలు తీసేసిన లూప్

"నువ్వు మాట్లాడుతుంటే ఎవరో వెనకనుంచి డబ్బింగ్ చెబుతున్నట్టుందే," అంది అత్తగారు, ఆఫీసులో నలుగురూ వింటుండగానే. చెవికి పెట్టిన కొత్త వినికిడి యంత్రంలో కోడలి మాట తీరిగ్గా వస్తోంది మరి. పరీక్షకి ఆవిణ్ణి తీసుకొచ్చిందీ, యంత్రంలో ప్రోగ్రాం రాసిందీ కోడలే. తల కొట్టేసినట్టయింది పాపం.

చుట్టూ ఉన్న గోలను వడకట్టి, మాటను మాత్రం చెవికి చేర్చే ప్రోగ్రాం అది. మధ్యాహ్నంలోగా ఆలస్యం పోకపోతే ఆ వడపోత తీసేయాల్సిందేనని మేనేజరు తేల్చేశాడు. తీసేస్తే అత్తగారికి మళ్ళీ గోలే గతి. ఇంట్లో అందరూ నవ్వేశాక, మాట అందక వాళ్ల మొహాలు చూసి ఆవిడ నవ్వుతుంటే కోడలు తల తిప్పేసుకుంటుంది.

ఆఫీసుకి నిప్పంటుకున్నా నడిచే వెళ్తాడని పేరున్న సీనియర్‌ని అందరూ తాబేలుగారంటారు. కోడలు పరుగున వెళ్లి ఆయనకు తన లూప్ చూపించింది. వచ్చిన ప్రతి శబ్దపు తునకకీ ఒకే లెక్క మళ్ళీ మళ్ళీ చేయడమే దాని పని. త్వరగా తెమలాలని తునకల్ని నాలుగేసి చొప్పున కట్టగట్టి, నడుమ బోలెడు తనిఖీలు పెట్టింది కోడలు.

"ఇంత చాకిరీ ఎందుకమ్మా?"

"వేగం కోసం సార్. అంతా చేత్తోనే రాశాను."

"మన రాతని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కి ఆ కట్టగట్టడం వెన్నతో పెట్టిన విద్య. నీ చిక్కుముళ్లు చూసి బెదిరి, ఉన్నదున్నట్టు దించేసింది. మామూలుగా రాసి పక్కకి తప్పుకో."

కోడలికి ఉక్రోషం వచ్చింది. వారం పాటు కూర్చుని అల్లిన తెలివితేటలాయె! అయినా పళ్లబిగువున చెరిపేసి, బడిపిల్లలు రాసేలాంటి లూప్ రాసింది. ఈసారి కంపైలర్ విజృంభించింది. ప్రతి చుట్టులోనూ మారకుండా ఉండే లెక్కను లూప్ బయటే ఒక్కసారి చేసి పెట్టుకుంది. తునకల్ని తనే గుంపులుగా పట్టి ఒక్క ఊపులో కానిచ్చేసింది. తెరమీద ఆలస్యం చూపే గీత నేలకంటింది. కోడలికి గుండెల మీంచి బండ దించినట్టయింది.

కొత్త ప్రోగ్రాం ఎక్కించి, యంత్రాన్ని అత్తగారి చెవికి పెట్టి, ఫ్యాన్లు హోరెత్తుతున్న మూలకి నడుస్తూ, "ఈవిడ ఇప్పుడైనా మెచ్చుకుంటే బాగుణ్ణు," అని గొణుక్కుంది.

"మెచ్చుకుంటానులే, ముందు ఇలా వచ్చి కూర్చో," అంది అత్తగారు.

కోడలు నాలుక కరుచుకుంది. ఆ మొహం చూసి అత్తగారు ఫక్కున నవ్వింది. గదిలో మిగతావాళ్లంతా ఆ తర్వాతే నవ్వారు.