ఏ మంచం, ఎన్ని రోజులు

నా భార్య జైనాబీ ఒక్క రోజు కూడా ఐసీయూలో లేదు. హిందూపురం ఆసుపత్రి వాళ్లు బిల్లులో మూడు రోజులు ఐసీయూ అని రాశారు. ఆమె ఏడు రోజులూ జనరల్ వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉంది. అక్కడే పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నేను పెనుకొండలో పరుపులు కుడతాను. చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. కానీ పరుపు సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె కింద ఉన్నది కొబ్బరి పీచు పరుపు. నడుమ గుంట పడి ఉంటే మొదటి రోజు నేనే దుప్పటి మడిచి అందులో పెట్టాను. ఏడో రోజు ఆమెను ఎత్తాక ఆ దుప్పటిని అదే గుంటలోంచి తీసుకున్నాను. ఐసీయూలో ఉండేవి గాలి పరుపులు. తలుపు తెరిచినప్పుడు చూశాను.

ఈ మాటే బిల్లు కట్టే కిటికీ దగ్గర చెప్పాను. లోపల కూర్చున్నవాడు నవ్వాడు. మమ్మల్ని ఆ ఆసుపత్రికి తీసుకుపోయింది నా బావమరిది నజీర్. వాడే నా చేతికి పెన్ను ఇచ్చాడు.

"పరుపులు కుట్టేటోనికి ఐసీయూ సంగతి ఏం తెలుస్తాది బావా. పెట్టు సంతకం" అన్నాడు.

జైనాబీని అప్పటికే అంబులెన్సులో పెట్టారు. సంతకం పెట్టాను. నాలుగేళ్లయింది.

నా కూతురు హీనా ధర్మవరంలో బీఎస్సీ చదివింది. నిరుడు హిందూపురంలో ఒక ఆఫీసులో చేరింది. బట్టల అంగడి మీద రెండంతస్తులు. అక్కడ అమెరికా ఆసుపత్రుల బిల్లులు సరిచూస్తారు. ఆమెతో కలిపి నలభై మందిని తీసుకున్నారు. మూడు నెలలు నేర్పి పరీక్ష పెడతారు. ముప్పై బిల్లుల్లో రెండు తప్పులు దాటితే ఇంటికి పంపేస్తారు. నజీర్‌కు ధర్మవరంలో చీరల అంగడి ఉంది. పిల్ల మూడు నెలలకు దిగొస్తుందని, అంగట్లో జాగా ఉంచానని చుట్టాలందరికీ చెప్పాడు. ఆ మాట నా దాకా వచ్చింది. హీనా దాకా కూడా వచ్చింది.

మొదటి నెల ఊరికే చూడటానికి పెట్టిన పరీక్షలో హీనా ఇరవైకి పదకొండు తప్పులు చేసింది. పెనుకొండలో బస్సు దిగి నేరుగా నా అంగడికి వచ్చి దూది మూట మీద కూర్చుంది. ఏమైందని అడిగాను. సంచిలోంచి కాగితాలు తీసింది.

ఆ బిల్లుల్లో ప్రతి వరుసకూ ముందు నాలుగంకెల నంబరు ఉంటుంది. దాన్ని రెవెన్యూ కోడ్ అంటారు. ఇద్దరు పడుకునే మామూలు గది 0120. ఐసీయూ 0200. ఆపరేషన్ గది 0360. ఎమర్జెన్సీ 0450. నంబర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. అయినా తప్పులు వస్తున్నాయి. ఒక బిల్లు చూపించింది. ఎవరికో గాజుపెంకు గుచ్చుకుని చెయ్యి తెగింది. కుట్లు వేశారు. ఈమె 0360 అని రాసింది. తప్పన్నారు.

"కుట్లంటే ఆపరేషనే కదా నాయనా."

"యాడ ఏసినారు?"

"యాడ అంటే?"

"కుట్లమ్మా. ఏ గదిలో ఏసినారో రాసుండాదా లేదా?"

కాగితం తిప్పి చూసింది. ఎమర్జెన్సీలోనే వేసి ఇంటికి పంపారు.

"నేను దూది ఈడా ఏకుతా, పరుపు కుట్టించుకునేటోళ్ల ఇండ్ల ముందర కూచోని ఏకుతా. పని ఒకటే. నువ్వు నాకు బువ్వ తెచ్చేటప్పుడు మా నాయన ఏం చేస్తాండాడని అడుగుతావా, యాడుండాడని అడుగుతావా?"

హీనా నవ్వింది. ఏం చేశారో చెప్పడానికి వేరే నంబరు ఉందట. ఈ నంబరు చెప్పేది ఆ పని ఆసుపత్రిలో ఏ విభాగం కిందికి వస్తుందో అంతే. ఆ సంగతి ఆఫీసువాళ్లు మొదటి రోజే చెప్పారు. ఈమె జరిగిన పనిని చూసి, అది జరిగిన చోటును వదిలేసింది. ఆ రోజు నుంచి ముందు నర్సు రాసిన కాగితాలు చదవడం మొదలుపెట్టింది. సాయంత్రం వచ్చి ఆ రోజు చేసిన బిల్లులు నాకు చెప్పేది. పేర్లు ఉండవు, అన్నీ నేర్పడానికి తయారు చేసినవే. నేను ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి. ఆమె జవాబు చెప్పేది. ఎప్పుడైనా తడబడితే కుట్టడం ఆపి చూసేవాణ్ణి. రెండో నెలాఖరుకు ఆపాల్సిన పని లేకపోయింది.

ఫలితాలు చెప్పిన రోజు నేను పరుపు గుడ్డ కొనడానికి హిందూపురం పోయాను. ఆఫీసు కింద నిలబడ్డాను. హీనా దిగి వచ్చింది. మూడు తప్పులట. అంటే అయిపోయినట్టే. రెండు తప్పులు ఒప్పుకుంది. మూడోది తప్పు కాదంది.

"అయితే పైకి పోయి చెప్పు."

"అందరూ వేరేగా రాసినారు నాయనా. సార్ కోప్పడతాడు."

"పడనీ. నేనూ వస్తాండా, పద."

నేర్పే ఆయన పేరు గంగాధర. ధర్మవరం మనిషి. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. హీనా తప్పు కాదన్న బిల్లు ఒక ముసలామెది. మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉంది. మూడింటికీ ఐసీయూ నంబరే ఉంది. హీనా ఒక రాత్రికే 0200 ఉంచి, మిగతా రెండింటికీ 0120 అని దిద్దింది. మిగతా ముప్పై తొమ్మిది మందీ ఉన్నది ఉన్నట్టు వదిలేశారు. గంగాధర దగ్గరున్న సమాధానాల కాగితంలోనూ అట్లాగే ఉంది.

"ముప్పై తొమ్మిది మంది ఒకటి రాసినారు. నువ్వొక్కదానివే ఇంకోటి రాసినావు. వాళ్లందరూ గుడ్డోళ్లామ్మా?"

"గుడ్డోళ్లు కాదు సార్. నాలుగో పేజీ తిప్పలేదు."

ఆ పేజీ తీసి సార్ ముందు పెట్టింది. నాలుగో పేజీలో నర్సు రాసింది ఉంది. రెండో రోజు సాయంత్రం ముసలామెను ఇద్దరుండే గదికి మార్చారు. "రాత్రి పన్నెండుకు ఏ మంచం మీద ఉంటే ఆ రోజు ఆ గది కిందికే వస్తాదని మీరే చెప్పినారు సార్" అంది.

గంగాధర ఆ పేజీ రెండుసార్లు చదివాడు. పక్క గదిలోంచి ఇద్దరిని పిలిచాడు. ఎవరికో ఫోన్ చేశాడు. అరగంట పట్టింది. అప్పుడు పెన్ను తీసి తన సమాధానాల కాగితం మీదే అడ్డంగా గీత కొట్టాడు. గదిలో ఉన్న పిల్లలందరినీ లేచి నిలబడమని, కాగితం తప్పు, హీనా రాసింది ఒప్పు అని చెప్పాడు. ఎట్లా కనిపెట్టావని అడిగాడు.

"మా నాయన నేర్పినాడు సార్. ముందు మనిషి యాడుండాడో చూడమని."

అందరూ నా వైపు తిరిగారు. నా చొక్కా మీద దూది ఉంది. దులుపుకోలేదు. నా బతుకులో అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఆ బిల్లు చూపించి నేర్పేది హీనాయే.

ఉద్యోగం ఖాయమైన వారం ఆమె వాళ్లమ్మ బిల్లు అడిగింది. ఇచ్చాను. ఏ రోజు ఏ మంచం అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఇదివరకు నా మాటకు ఆమె కూడా ఊఁ కొట్టి వదిలేసేది. ఈసారి వదల్లేదు. ఏడు రోజులూ వార్డు అని రాసి, కింద తన సంతకం పెట్టి నాకిచ్చింది. "నువ్వు చెప్పిందే నిజం నాయనా" అంది. అది నాకు తెలిసిన నిజమే. కానీ పని తెలిసిన మనిషి నోటి నుంచి విన్నాను. చాలు.

శుక్రవారం నజీర్ మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. మా మేనకోడలు, మా మేనకోడలు అని పక్క అంగళ్ల వాళ్లకంతా చెప్పాడు. తర్వాత నా దగ్గరికి జరిగి, ఆ రోజు తను అట్లా అనడం తప్పేనన్నాడు. ముగ్గురం కలిసి ఆసుపత్రికి పోయి అడుగుదామన్నాడు.

"నేను మాట్లాడతా బావా. నువ్వు పక్కనుంటే చాలు."

"ఆ పొద్దు నేను మాట్లాడినా. నువ్వు పక్కనుండావు" అన్నాను.

వాడు మిఠాయి పెట్టె నా ముందుకు జరిపాడు. పోనీలే అంటానని చూశాడు. నేను అనలేదు. సూదిలోకి దారం ఎక్కించి పని మొదలుపెట్టాను. కాసేపటికి లేచి పోయాడు. ధర్మవరం బస్సు ఎక్కాడట.

మిఠాయి హీనా తింది. తిననీ, నాకేం అభ్యంతరం లేదు.

నజీర్ మళ్లీ వస్తాడు. వచ్చి ఆసుపత్రికి పోదామా అని అడుగుతాడు. ఎవరు అడిగినా సరే, ఆ బిల్లు గురించి, ఆ సంతకం గురించి ఇక నేను మాట్లాడను.