మడతలో మిగిలిన గుడ్డ

కూతురు పుష్పరాణి బడి స్కర్టు అంచు విప్పడం తవిటమ్మకిది మూడోసారి. మడతలో ఇంక వేలెడు గుడ్డే మిగిలింది.

మొదటిసారి విప్పింది, వాట్‌గంజ్ బస్తీ కుళాయి దగ్గర ఎవడో పిల్లని చూసి పాటలు పాడుతున్నాడని తెలిసినప్పుడు. ఆ కబురు మోసుకొచ్చింది పక్క వరసలో ఉండే సుందర్. పూజా కమిటీలో పెద్దమనిషి. "పదమూడేళ్ళొచ్చాయి కదా వొదినా, కాస్త కప్పి పంపు," అని టీ తాగి మరీ వెళ్ళాడు. మొగుడు దుర్గారావు తవిటమ్మ మీదే లేచాడు. "ఒలే, గుంటని అదుపులో ఎట్టుకోలేవేటి?" పాడేవాడెవడని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

రెండోసారి విప్పినప్పుడు చున్నీ కూడా వచ్చింది. పూజా పందిట్లో పిల్ల డాన్సు ఆగిపోయింది, ఇంట్లో దాని మాటలు ఆగిపోయాయి. పాటలు మాత్రం ఆగలేదు. తవిటమ్మకి బోధపడలేదు. గుడ్డ పెరిగితే పాట తగ్గాలి కదా. పొద్దున్నే చెత్తబండి తోస్తూ, గుమ్మం గుమ్మం ముందూ ఈల ఊదుతూ అదే ఆలోచన. పిల్ల ఎప్పుడైనా నవ్విందా? నడకలో ఏదైనా ఉందా? ఆ వయసులో తననీ ఎవరో ఏదో అన్నారు. అప్పుడు తనేం చేసింది? తల వంచుకోవడం తప్ప ఇంకేం గుర్తు రాలేదు.

ఇవాళ డ్యూటీ దిగి కుళాయి మీదుగా వచ్చింది. బడి నుంచి వచ్చిన పుష్పరాణి చున్నీ బిగించుకుని బిందె పడుతోంది. గోడకానుకుని పాడుతున్నవాడు సుందర్. తవిటమ్మని చూసి పాట ఆపాడు. "సూసావా వొదినా, సెప్పినా ఇంకా ఈ యేళకే పంపుతున్నావు," అన్నాడు.

ఇంటికొచ్చి అలవాటు కొద్దీ అంచు విప్పింది గానీ, ఇప్పుడు సూది చేతిలో ఉన్నా కుట్టు పడటం లేదు.

"ఆడేనని నువ్వెందుకు సెప్పలేదే?"

"సెప్తే నువ్వు ఇంకో మడత విప్పుతావని."

తవిటమ్మ సూది పక్కన పెట్టి, తన మెడలోని డ్యూటీ ఈల తీసి కూతురి మెడలో వేసింది. ఆ ఈల వినబడితే సందు సందంతా చెత్త బకెట్లతో బయటికి రావడం ఇక్కడ అలవాటు.

"రేపు పాడితే ఊదు."

"అందరూ నన్నే తిడతారమ్మా."

తిడతారేమో. ఆమెకీ తెలియదు.

"తిట్టనీ. తిట్టడానికైనా బయటికొస్తారు. అప్పుడు ఆడూ అక్కడే ఉంటాడు కదా."