కందిరీగల మగ్గం

మా అత్త తిప్పమ్మకు ఇద్దరు కోడళ్ళం. పెద్దదాన్ని నేను, అంజినమ్మను. చిన్నది ఆదిలక్ష్మి. ఇద్దరమూ మగ్గం నేస్తాం. కానీ ధర్మవరమంతా తిరిగి అత్త చెప్పుకునేది చిన్నకోడలి చేతిపని గురించే. నాకు కడుపు మండదా మరి?

మామ పోయాక ఆయన మగ్గం అత్త చిన్నదానికే ఇచ్చింది. ఆ మగ్గం పైన దూలానికి కందిరీగలు గూడు పెట్టుకున్నాయి. వాటిని మామ ఏనాడూ ముట్టనివ్వలేదు. గూట్లో ఈగలు బతికున్నన్నాళ్ళూ పెళ్ళిచీరలు ఆ మగ్గం మీదే నేయాలని మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు హిందూపురం శెట్టిగారింటి పెళ్ళిచీర వచ్చింది. ఒక్కటంటే ఒక్క పెళ్ళిచీర నాతో నేయించి అత్త నన్ను మెచ్చుకుంటే చాలని నా ఆశ. అదీ ఆదిలక్ష్మికే పోయింది.

పుష్యమాసం. పెనుకొండ వైపు నుంచి చలిగాలి కొరికేస్తోంది. తెల్లారి ఊడుస్తూ పైకి చూస్తే ఈగలన్నీ గూటికి అతుక్కుపోయి ఉన్నాయి. చీపురుపుల్లతో పొడిచాను. కదల్లేదు. ఒకటి కాళ్ళు ముడుచుకుని కింద రాలింది. నా ప్రాణం లేచొచ్చింది. ఈగలు చచ్చాక ఇంక ఆనవాయితీ ఎక్కడిది?

పీట ఎక్కి గూడు తెంపుకుని తిన్నగా వంటింట్లోకి పోయాను. అత్త సంగటి కెలుకుతోంది.

"చూడత్తా, అన్నీ సచ్చిపోయినాయి. ఇంక ఆ మగ్గంలో ఏముండాది?" అంటూ పొయ్యి వెలుగులో పట్టి చూపించాను.

"సలికి ముడుసుకోని ఉండాయే, సావలేదు. పొయ్యికాడ పెట్టొద్దు దాన్ని" అంది అత్త.

నేను వింటేనా. "చిన్నకోడలి మగ్గమని అట్లంటాండావు" అని ఇంకా ముందుకు జరిగాను. సెగ తగిలి ఒకటి రెక్క విదిలించింది. దాని వెనకే మిగతావన్నీ లేచాయి. వేళ్ళ మీద, మణికట్టు మీద, మూతి మీద ఎడాపెడా కుట్టాయి. అత్త తడిగోనె నా మీద కప్పి వాకిట్లోకి ఈడ్చుకుపోయింది. ఆమెనూ కుట్టాయి.

మధ్యాహ్నానికి నా చేతులు వేళ్ళు ముడవరానంతగా వాచిపోయాయి. అత్త సున్నం పూసింది. నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే ఎదురుగా కూర్చుని సంగటి ముద్దలు చేసి నా నోట్లో పెట్టింది. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె నాకు చేత్తో తినిపించింది లేదు. నాకు నొప్పి కూడా తెలియలేదు.

ఆదిలక్ష్మి మగ్గం దిగి వచ్చి గడపలో నిలబడింది. "నేను తినిపిస్తాలే అత్తా, నువ్వు లెయ్యి" అంది.

"నువ్వు పోయి చీర నేసుకోపో" అంది అత్త, అటు చూడకుండానే.

ఆదిలక్ష్మి కదల్లేదు. అత్త చేతిలో ముద్దనే చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ నేను దాన్ని చూసింది ఆ చూపుతోనే.

నా కడుపు ఎప్పుడో నిండింది.

"ఇంకో ముద్ద పెట్టత్తా" అన్నాను.