చోయ్ గారి తర్వాతే

"అర్థమైందా?" అని అడిగితే ముగ్గురూ తలూపేవారు. ఏం అర్థమైందో చెప్పమంటే ముగ్గురూ నేల చూపులు చూసేవారు. మూడు నెలలుగా దేవిదాస్ పంతులు బతుకు ఇలాగే తెల్లవారుతోంది.

1974లో రుద్రూరు దారిలోని ఒక చెరకు శిక్షణ కేంద్రానికి కొరియా దేశం నుంచి ముగ్గురు రైతులు వచ్చారు. చెరకు గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, చెప్పేదంతా ఇంగ్లీషులో. అందుకని బోధన్‌లో తాత్కాలికంగా బడిపంతులు పని చేస్తున్న దేవిదాస్‌ను పట్టుకొచ్చి రోజూ సాయంత్రం పాఠం చెప్పమన్నారు. నాలుగు నెలలు నిండగానే ఢిల్లీ నుంచి అధికారి వస్తాడు. ఆయన ముందు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడితే ఏడాది శిక్షణ. లేదంటే మూటాముల్లె సర్దుకుని ఇంటికి.

ముగ్గురిలో పెద్దవాడు చోయ్. నలభై దాటినవాడు, కణతలు నెరిశాయి. కిమ్, యూన్ పాతికేళ్లవాళ్లు. పలకరిస్తే నడుం వంచి దండం పెడతారు, పాఠం మొదలైతే బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చుంటారు. "ఒక్క ప్రశ్న అడగండయ్యా! పోనీ నన్ను తిట్టండి, ఇంగ్లీషులో తిట్టండి!" అని దేవిదాస్ బల్ల గుద్దేవాడు. వాళ్లు మళ్లీ వినయంగా తలూపేవారు. ఆ వినయం చూస్తే అతనికి ఒళ్లు మండిపోయేది.

విచిత్రమేమిటంటే యూన్ నోటుపుస్తకంలో తప్పు వెతుకుదామన్నా దొరకదు. ఒకరోజు దేవిదాస్ ఆ పుస్తకం ఎత్తి చూపించి, "చోయ్ గారూ, ఈ పిల్లవాణ్ణి చూసి నేర్చుకోండి" అనేశాడు. యూన్ ముఖం పాలిపోయింది. మర్నాడు అతని పుస్తకం నిండా తప్పులే. చోయ్ చేసిన తప్పులనే వరసబెట్టి ఎక్కించాడు. దేవిదాస్ చాక్‌పీసు గోడకేసి కొట్టి ఇంటికి వచ్చేశాడు.

భార్య గోదావరి చేట ముందు కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. అంతా విని కత్తెర ఆపకుండానే అంది. "గా పెద్దమనిషి నోరు తెరువక ముందు శిన్నోళ్లు ఎట్ల మాట్లాడుతరు? మీ అన్న ముంగట నేను ఎన్నడన్న నోరిప్పిన్నా? తెల్వక ఊకుంటున్ననా?"

ఇంత చిన్న సంగతి తనకు తట్టనందుకు దేవిదాస్‌కు సిగ్గేసింది. మర్నాడు ముందుగా చోయ్‌నే లేపాడు. ఆయన చెమటలు కక్కుతూ, వేళ్లు నలుపుకుంటూ, అయిదు నిమిషాలకు రెండు ముక్కలు బయటపెట్టాడు. "ఐ యామ్ చోయ్. ఐ గ్రో కేన్." ఆయన కూర్చున్నాడో లేదో, తూము ఎత్తినట్టు కిమ్, యూన్ మాటలు అందుకున్నారు. చెరకు తెగులు నుంచి బోధన్ దోమల దాకా దేన్నీ వదల్లేదు. దేవిదాస్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ నెలంతా అతను చోయ్‌కి ఆ రెండు ముక్కలే అరగదీసి నేర్పించాడు.

పరీక్ష రోజు కేంద్రం పెద్ద బాపురావు దేవిదాస్‌ను పక్కకు పిలిచాడు. "పంతులూ, ఢిల్లీ సార్ ముంగట నువ్వు నోరు తెరువకు. అడిగితెనే చెప్పు. ఈ కేంద్రంల నిన్ను పర్మనెంటు జేసే కాయితం మీద సంతకం పెట్టేది నేనే, యాదుంచుకో."

ఢిల్లీ అధికారికి తొందర ఎక్కువ. కాగితం కింది నుంచి పేరు చదివాడు. "మిస్టర్ యూన్!"

యూన్ లేచాడు. చోయ్ వంక చూసి తల దించుకున్నాడు. అధికారి మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ జవాబు లేదు. కిమ్ కూడా అంతే. గోడవార నిలబడ్డ దేవిదాస్ ఒక అడుగు ముందుకు వేశాడు. పెద్దాయన్ని ముందు పిలవండి సార్ అంటే చాలు, ఒక్క మాట. బాపురావు కళ్లెర్రజేశాడు. దేవిదాస్ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

మూడో పేరు పిలిచే ఓపిక అధికారికి లేకపోయింది. "నో ఇంగ్లీష్" అని రాసి ఫైలు మూశాడు. చోయ్ అప్పటికే సగం లేచి ఉన్నాడు, రెండు ముక్కలూ పెదవుల మీదే ఉన్నాయి. ఆయన వైపు చూసిన పాపాన ఎవరూ పోలేదు.

జీపు వెళ్లిపోయాక చోయ్ వరండాలోకి వచ్చి, ఎప్పటిలాగే నడుం వంచి దండం పెట్టాడు. వెనక కిమ్, యూన్ నిలబడ్డారు. ఆయన ఒక్కో మాటా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అడిగాడు.

"టీచర్. యూ నో. వై యూ నో స్పీక్?"

నీకు తెలుసు కదా, ఎందుకు మాట్లాడలేదు అని. నాలుగు నెలలుగా దేవిదాస్ బతిమాలి, బామాలి, బల్ల గుద్ది అడిగించాలని చూసిన ప్రశ్న, మొట్టమొదటిది.

దేవిదాస్ బాపురావు గది వైపు ఒకసారి చూసి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.