అది ఇంకా రాలేదు

చిన్నది పోయిన రోజు బుధవారం. సాయంత్రం అయిదున్నరకు నది ఒడ్డు నుంచి బయల్దేరిన జీపు ఆరు కాకముందే కల్వర్టు మీద అదుపు తప్పి కిందికి పడింది. డ్రైవరుకు చెయ్యి విరిగింది. కెమెరా పెట్టెకు గీత కూడా పడలేదు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి పోయింది.

ఫోను వచ్చేసరికి అక్క వ్యాఖ్యానం రాస్తోంది. విన్నాక, రాస్తున్న వాక్యం పూర్తి చేసి, చుక్క పెట్టి, అప్పుడు లేచింది. ఎందుకలా చేసిందని తర్వాత ఎవరూ అడగలేదు. 

అడవుల కోసం, నదుల కోసం, వాటిలో బతికే జీవాల కోసం పాటుపడే సంస్థలకు చిన్న చిన్న సినిమాలు తీసిపెట్టడం వాళ్ల పని. చిన్నది కెమెరా పట్టేది. దాని మొగుడు, అంటే అక్కకు మరిది, ఆ ముక్కలన్నీ ఏరి, కోసి, అతికేవాడు. మాటలు రాయడం, మైకు ముందు చదవడం అక్క వంతు. మేడ మీద ఒక గది, ఆ గది మూలన గోడలకు పాత దుప్పట్లు కొట్టిన బీరువా అంత చోటు. అదే స్టూడియో. "ఎవరైనా చలేస్తోందని దుప్పటి అడిగితే మన వ్యాపారం మూసుకోవాల్సిందే" అని చిన్నది వచ్చినవాళ్లందరి దగ్గరా అనేది.

ఇప్పుడు చేతిలో ఉన్నది నీటికుక్క సినిమా. పదకొండు నిమిషాలు. ఒక తల్లి, రెండు పిల్లలు, అవి తిరిగే ఆరు కిలోమీటర్ల నది. ఆ ఆరు కిలోమీటర్లలో ఇసుక తవ్వుకోనివ్వాలా వద్దా అని నెలాఖరులో విచారణ ఉంది. సంస్థవాళ్లు అక్కడ ఈ సినిమా వేసి చూపించాలి.

వారం రోజులు ఇల్లంతా జనం. "ఆమె ఎంత ధైర్యస్తురాలండీ." "ఆమెకు పనంటే ప్రాణం." అక్క అందరికీ కుర్చీలు వేసింది, మంచినీళ్లిచ్చింది, చెప్పిన మాటకల్లా తల ఊపింది. ఇంట్లో చిన్నదాన్ని అమ్మ గానీ ఇంకెవరు గానీ ఎన్నడూ ఆమె అనలేదు. అది లేచిందా, అది తిన్నదా, అది మళ్లీ ఎక్కడికి పోయింది. పుట్టిన దగ్గర్నుంచీ అదే వరస. పోయిన మర్నాటికల్లా అందరి నోటా ఆమె అయిపోయింది. ఎవరో పరిచయం లేని పెద్దమనిషి గురించి మాట్లాడుకుంటున్నట్టు వింటూ కూర్చుంది అక్క. కన్ను చెమర్చలేదు. రాతిగుండె అని ఒకావిడ గుమ్మం దగ్గర గొణిగితే అదీ వినబడింది. దానికీ ఏమీ అనిపించలేదు.

ఎనిమిదోరోజు సంస్థ మేడమ్ ఫోను చేశారు. ప్రచారం పనంతా ఆవిడే చూస్తారు. చెడ్డ మనిషి కాదు, మాట్లాడేటప్పుడు గొంతు బొంగురుపోయి ఉంది.

"తొందర పెడుతున్నాననుకోకండి. రాసినంతవరకు చదివాను. బావుంది. ఒక్కటే... అది, అది అని రాశారు. ఆమె అనరాదా? తల్లి కదండీ. వినేవాళ్లకు దగ్గరగా అనిపిస్తుంది."

"దగ్గరగా ఉండాలనే అది అన్నానండి."

మేడమ్ ఆ మాట వదిలేశారు. "అసలు కుక్క అనే మాట లేకుండా ఇంకో పేరుందా అని మొదట్లో మీ చెల్లెల్నీ అడిగాను."

"ఏమంది?"

"దాన్నే అడగండి మేడమ్, ఒప్పుకుంటే మార్చేద్దాం అంది." నవ్వబోయి మానేశారు. "సరే, మీ ఇష్టం, అలాగే ఉంచండి. కానీ చివరి షాటు మాత్రం..."

చివరి షాటులో పిల్లలు రెండూ గట్టు మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుని నీళ్లవంక చూస్తుంటాయి. నలభై సెకన్లు. తల్లి కనిపించదు. చిన్నది ప్రతి షాటుకూ పుస్తకంలో రోజు, వేళ, జరిగింది రాసుకునేది. ఆఖరి పేజీలో ఇలా ఉంది: *బుధ. సా. 5.10. పిల్లలు గట్టు మీద. అది ఇంకా రాలేదు. డ్రైవరు పిలుస్తున్నాడు.*

"ఇలాగే వదిలేస్తే ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఏమంటారో తెలుసా?" అన్నారు మేడమ్. "తల్లి ఎలాగూ పోయిందిగా, ఇంకెవరి కోసం ఆపాలీ అంటారు. తవ్వుకోమంటారు. మీ చెల్లెలు మూణ్ణెల్లు అక్కడ దోమలతో కాపురం చేసింది ఇందుకా? తిరిగొచ్చిందని ఒక్క మాట. అంతే అడుగుతున్నాను."

ఆ మాటలో అబద్ధం ఎంతో నిజం అంతే ఉంది. అక్క చూస్తానని ఫోను పెట్టేసింది.

మరుసటి రోజు పొద్దున మరిది మేడ మీద నుంచి పిలిచాడు. గడ్డం మాసింది. ఆ ఎనిమిది రోజుల్లో అతను అడక్కుండా మాట్లాడిన మాట అదే మొదటిది.

"వదినా, ఇది చూడండి."

తెర మీద పిల్లలు నీళ్లవంక చూస్తున్నాయి. ముప్ఫయ్యో సెకనుకు నీళ్లు చీలాయి. తల్లి తల పైకి లేచింది, నోట్లో చేప. గట్టెక్కి ఒళ్లు విదిలించుకుంది. పిల్లలు దాని మీద పడ్డాయి. అతుకు ఎక్కడా తెలియడం లేదు. అంత చక్కటి పని అతను ఈమధ్య చెయ్యలేదు.

"మంగళవారం పొద్దుటి షాటు ఇది" అన్నాడు. "మేడమ్ చెప్పారని కాదు. ఊరికే పెట్టి చూద్దామని కూర్చున్నాను. తెల్లారిపోయింది."

అక్క ఇంకోసారి వెయ్యమంది. రెల్లు నీడ ముందు గట్టు మీద పడుతోంది. తల్లి వచ్చేసరికి అదే నీడ నీళ్ల మీద ఉంది. ఒకటి సాయంత్రపు నీడ, ఇంకొకటి పొద్దుటిది. విచారణకు వచ్చేవాళ్లెవరూ రెల్లు నీడలు చూడరు. చూసేది చిన్నదొక్కర్తే. ముందురోజుది తీసుకెళ్లి మర్నాటి షాటులో పెడితే చేతులు విరగ్గొడతానని మొగుణ్ణి పదిమందిలో బెదిరించేది.

"తీసెయ్."

"వచ్చినట్టుంటే మనకేం పోయింది వదినా?"

అక్క పుస్తకం ఆఖరి పేజీ తెరిచి అతని ముందు పెట్టింది. "రాలేదని రాసింది."

అతను ఆ రాతను చాలాసేపు చూశాడు. తర్వాత మంగళవారాన్ని బుధవారంలోంచి పీకేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

దుప్పట్ల మధ్య నిలబడి అక్క మొత్తం వ్యాఖ్యానం ఒక్క బిగిన చదివేసింది. అది నిద్ర లేస్తుంది. అది పిల్లలకు ఈత నేర్పుతుంది, మెడ పట్టుకుని నీళ్లలోకి లాగుతుంది. అది తను తినకముందు పిల్లలకు పెడుతుంది. గొంతు ఎక్కడా వణకలేదు. ఆ చోటుకున్న చిన్న గాజు కిటికీ అవతల మరిది తల వంచుకుని మీటలు సర్దుతున్నాడు. చివరి షాటు దగ్గర కాగితం మీద లేని మాట చెప్పింది: "బుధవారం సాయంత్రం అయిదూ పదికి అది ఇంకా రాలేదు. ఆ తర్వాత మేము చూడలేదు."

"ఇంకోసారి చదువుతారా?" అన్నాడు మరిది.

"అక్కర్లేదు."

మేడమ్ అలిగారు. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడోరోజు, చేసేది లేక, అదే తీసుకెళ్లారు.

విచారణ జరిగిన గదిలో ఫ్యాన్ల చప్పుడుకు వ్యాఖ్యానం సగం వినబడలేదు. చివరి మాట మాత్రం బల్ల తలవైపు కూర్చున్న అధికారి విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు.

ఇసుకవాళ్ల వకీలు నవ్వాడు. "వాళ్లకే తెలియదంటున్నారుగా సార్!"

మేడమ్ పక్కన కూర్చున్న అక్కవైపు చూశారు. అక్క లేచి నిలబడింది. "తెలియదండి."

"తెలియకపోతే తెలుసుకోండి. పదిహేను రోజులు టైమిస్తున్నాను. తల్లి ఉందని రుజువు తెస్తే తవ్వకం ఆపుతాను. లేదంటే సంతకం పెట్టేస్తాను."

బయటికి వచ్చాక మేడమ్ అక్క చెయ్యి పట్టుకున్నారు. "నేను చెప్పినట్టు చేసుంటే ఈపాటికి గెలిచేవాళ్లం. లేకపోతే ఆ అధికారి నన్ను అబద్ధాలకోరని గెంటేసేవాడు. ఈ రెండింట్లో ఏది జరిగేదో తెలియడం లేదు." ఆమాట అని, సంస్థ తరఫున కారు పంపిస్తానని, ఎప్పుడు కావాలో చెబితే చాలని అన్నారు.

ఆ సాయంత్రం అమ్మ సినిమా చూస్తానంది. అన్నాళ్లూ అడగలేదు. అక్క తెర తెచ్చి మంచం ముందు పెట్టింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని, ఇంట్లో పిల్లల్ని చూసినట్టే చూసింది. "చూడు, ఎలా లాగుతోందో! మునిగిపోతాయే అవి!" అని కసిరింది. పదకొండు నిమిషాలూ అయిపోయాయి. తెర నల్లబడింది.

"మరి వచ్చిందా అది?"

"తెలీదమ్మా."

"తెలీదంటే?"

"తీసింది అంతవరకే."

"ఎవరన్నా వెళ్లి చూస్తే తెలుస్తుందిగా."

గుమ్మంలో మరిది నిలబడి ఉన్నాడు. ఆ ఒడ్డుకు దారి ఒక్కటే, ఆ కల్వర్టు మీదుగా. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని, "అన్నం తినండి, ఆరిపోతోంది" అంది.

మరిది మర్నాడు కెమెరా తుడిచాడు. ఆ తర్వాతి రోజు బ్యాటరీలు చార్జింగు పెట్టాడు. నిండాక తీశాడు, మళ్లీ పెట్టాడు. నాలుగోరోజు మేడమ్ కారు పంపారు. డ్రైవరు గంటసేపు వాకిట్లో ఉండి, ఎవరూ కారెక్కకపోయేసరికి అక్క ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. ఏమని చెప్పమంటారని అడిగితే, ఇవాళ కుదరలేదని చెప్పమంది అక్క.

పదిహేను రోజుల్లో తొమ్మిది అయిపోయాయి. నది ఒడ్డుకు ఇంకా ఎవరూ వెళ్లలేదు.