నాటింది ఎవరు?

పరిశోధక విద్యార్థిని దీలు కెరెంగా రాసిన సిద్ధాంతగ్రంథం రెండో అధ్యాయం అప్పటికి రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి ఆమె గైడ్ డాక్టర్ కిసోకౌ మేడం కాగితాలు పంపకుండా మనిషినే రమ్మంది. 'లే' అనే ఆ రేవు పట్టణంలో ఆ వారమంతా పట్టిన వాన పట్టినట్టే ఉంది. దీలు తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి మేడం గదిలోకి వెళ్లింది.

చిలగడదుంపను తొలిచే ముక్కుపురుగు మీద ఆమె పరిశోధన. కొండల్లో, పెద్దమ్మ మోండో ఉండే ఊళ్లో, పదకొండు తోటలు రెండు పంటకాలాలు తిరిగి లెక్కలు తీసింది. ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. రాయడం దగ్గరే బండి మొరాయించింది.

"కూర్చో అమ్మాయ్, విను," అంటూ మేడం చదవడం మొదలుపెట్టింది. "'స్థానిక పరిస్థితులు పరిగణించబడి, సముచిత రకాలు ఎంపిక చేయబడి, తదనుగుణంగా తీగలు నాటబడి...' అబ్బ, నాకు ఊపిరాడ్డం లేదు. నాటబడ్డాయి సరే, ఎక్కణ్నుంచి పడ్డాయే, ఆకాశం నుంచా?"

దీలుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "పెద్ద చదువుకి అలాగే రాయాలనుకున్నాను మేడం."

"పెద్ద చదువైతే చదివేవాడి ప్రాణం తీయాలా? ఎవరు నాటారో నోటితో చెప్పు."

"మా పెద్దమ్మా, ఊళ్లో ఆడవాళ్లూ."

"అదే రాయి. రకాలు ఎంచింది నువ్వేగా?"

దీలు ఏడాదిగా ఈ ప్రశ్న ఎవరడుగుతారోనని చస్తూ బతుకుతోంది.

"కాదు మేడం," అంది. "చీట్లు వేసి ఏ తోటకి ఏ రకమో పంచుదామనుకున్నా. పెద్దమ్మ ఒప్పుకోలేదు. 'నా పిల్లలు తినే దుంప ఏదో నీ చీటీ చెబుతుందా?' అంది. వాళ్లకి నచ్చినవే నాటుకున్నారు. దాంతో పరిశోధనంతా చెడిపోయిందని ఎవరికీ చెప్పలేదు."

మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అందుకా ఇన్ని మెలికలు! పిచ్చిదానా, చెడిపోవడమేంటి? ఎర్ర దుంప రకానికి పురుగు తక్కువని తేల్చావుగా, దాన్ని కొండసీమ మొత్తానికీ చాటకు. ఆ పదకొండు తోటల్లో తక్కువ కనబడిందని చెప్పు. మంచి నేల చూసి దాన్ని నాటి ఉండొచ్చు, అదీ చెప్పు. ఎందుకు ఎంచుకున్నారో అడిగావా?"

"అడిగాను. ఓ నోటుపుస్తకం నిండా ఉంది."

"మరి దాచుకుని ఏం చేస్తావు, కూర వండుతావా?"

దీలు పకపకా నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే గ్రంథాలయంలో కూర్చుని రాసింది: 'రకాలను రైతులే ఎంచుకున్నారు. నేను ఎంచలేదు. అందువల్ల నేలల తేడా ఈ ఫలితాల్లో కలిసి ఉండవచ్చు.' రాసి మళ్లీ చదువుకుంది. ఛాతీ మీంచి బండ దించినట్టయింది. మిగతా పేజీలకు అంత తడుముకోవలసిన అవసరం రాలేదు. ఎవరు ఏం చేశారో అది ముందు, దానివల్ల ఏం కనబడిందో అది తర్వాత. పదహారు పేజీలు పదకొండయ్యాయి.

బుధవారంనాడు అధ్యాయం తిరిగొచ్చింది. రెండు అక్షరదోషాలు దిద్ది, కింద 'ఇప్పుడు అర్థమైంది. మూడోది ఎప్పుడు?' అని రాసి ఉంది.

దీలు పెద్దమ్మకు ఫోన్ చేసింది. "రకాలు మీరే ఎంచారని పుస్తకంలో రాశాను పెద్దమ్మా."

"మరి ఇన్నాళ్లూ ఎవరెంచారని రాశావే?" అంది మోండో.

దీలు నవ్వుకుంటూ వానలోనే క్యాంటీన్‌కి నడిచి, నూనెలో వేయించిన వేడివేడి పిండి ఉండలు నాలుగు కొనుక్కుని, నిలబడే తినేసింది.