దేశం కాని దేశం పాట

బీడీలకు తునికాకు కత్తిరిస్తుండగా టేపులోంచి దుబాయిలో ఉన్న మా ఆయన గొంతు అడిగింది: "గంగమణీ, ఆ పాట నీకెవడు నేర్పిండు?"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. మా అత్త సాలవ్వ, రేపు అక్కడికి మా జవాబు తీసుకుపోవడానికి వచ్చిన భిక్నూర్ ఖయ్యూం అన్న, ఇద్దరూ నన్నే చూశారు. టేపు ఆగలేదు. "మీ మాటలయినంక వెనక నువ్వు పాడుతున్నవ్. తెలుగు కాదు, ఉర్దూ కాదు. రూముల అందరు విన్నరు. నా ఇజ్జత్ పోయింది. జవాబు సక్కగ లేకుంటే అవ్వగారింటికి పో."

పోయినసారి జవాబు నింపాక రికార్డు బటన్ ఆపడం మరచి, బీడీలు చుట్టుకుంటూ కూనిరాగం తీసిన పాపం నాదే.

ఆయన ఎవరిదో పాత పాటల క్యాసెట్లో మాట్లాడి పంపుతాడు, మేం దాని మీదే మా మాటలు నింపి తిప్పి పంపుతాం. మాటలంటే అత్తమ్మవే. నా వంతు చివర్న, 'మంచిగున్న' అనేంత వరకే. పోయినసారి ఆయన మాటలు అయిపోయినా టేపు తిరుగుతూనే ఉంటే, అడుగున మిగిలిన పాటలు బయటపడ్డాయి. అత్తమ్మ కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి వెళ్లినప్పుడల్లా వినేదాన్ని. ఒకదాంట్లో డప్పు మన పాటల్లో దెబ్బ పడేచోట ఆగి, ఆగాల్సిన చోట పడేది. ఇంకోదాంట్లో ఒక ఆడమనిషి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా పాడేది. ఏ దేశమో, ఏ భాషో! నీళ్లు మోసి, వండి, వేళ్లు కాయలు కాసేలా బీడీలు చుట్టినా తిన్నావా అని అడిగే దిక్కులేని ఇంట్లో, ఆమె నన్నొక్కదాన్నే పలకరిస్తున్నట్టుండేది. చివరికి ఆ పాటల మీదే మా జవాబు నింపేశాం. ఇప్పుడు చూపించడానికి నా దగ్గరేముంది?

"టేపులనే ఉండె అత్తమ్మా" అన్నాను.

"నా కొడుకు మాటలుండే టేపుల పరాయి పాటలెందుకుంటయే? నేను కార్ఖానకు పోంగనే ఎవడొస్తున్నడు?"

ఖయ్యూం అన్న తల దించుకుని, "తప్పయిందను చెల్లె, లొల్లి ఒడుస్తది" అన్నాడు.

పుట్టింట్లో వదిన నాకు పొయ్యి దగ్గర కూడా చోటివ్వదు. అత్తమ్మ ఎర్ర బటన్ నొక్కి, తన మాటలన్నీ నింపి, టేపు నా ముందుకు నెట్టింది. "ఇంక పాడనని కాళ్ల మీద పడ్డట్టు చెప్పు."

తప్పయిందనే అనబోయాను. వేరే మాట వచ్చింది.

"ఆ పాట నువ్వు పంపిన టేపులనే ఉండె. పాడింది ఆడమనిషి. ఆమె నీ టేపులకెట్ల వచ్చిందని నేను నిన్ను అడిగిన్నా?"

టేపు ఆపడానికి అత్తమ్మ చెయ్యి బటన్ మీదికి వచ్చింది. టేపును ఒళ్లోకి లాక్కున్నాను. భయం పోలేదు. అయినా పాట మొదటి నుంచి అందుకున్నాను.